ఆసుపత్రి బొమ్మలో పాము ఎందుకు?

కర్రకు చుట్టుకున్న పాము బొమ్మను ఆసుపత్రుల దగ్గర మనమంతా చూసినవాళ్ళమే. పాము కరిస్తే ఆసుపత్రికి పోతాం గదా, మరి అక్కడా పామేనా అని మాకు సందేహం!

ఆ కర్ర గ్రీకుల వైద్యదేవుడు అస్క్లీపియస్‌ది. తండ్రి అపోలో. వైద్యం నేర్పిన గురువు కైరాన్, నడుము పైన మనిషి, కింద గుర్రం. శిష్యుడు గురువును మించి, చచ్చినవాళ్ళను కూడా బతికించాడట. లోకనియమం తప్పుతోందని దేవతల రాజు జ్యూస్ పిడుగు వేసి చంపాడు. (మంచి చేసినవాడికి ఇదేం శిక్ష అని మాలో కొందరికి కోపం.) తర్వాత జనం ఆయన్నే దేవుడిగా కొలిచారు. ఎపిడారస్‌లోని ఆయన గుడిలో రోగులు, పిల్లలు లేనివారు రాత్రి నిద్ర చేసేవారు. విషంలేని పాములను అక్కడ పవిత్రంగా చూసుకునేవారు.

ఇది చదవగానే మాకు చల్లపల్లి పక్కనున్న మోపిదేవి గుర్తొచ్చింది. అక్కడా సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సర్పరూపమే. సంతానం కోరేవారు పుట్టలో పాలు పోస్తారు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు పెరిగితే ఆ గుడిలోనే సర్పశాంతి హోమం చేశారు.

నాట్లప్పుడు గట్ల మీద నడిచేది మన అమ్మానాన్నలే. మొక్కు తర్వాతైనా తీర్చుకోవచ్చు. కాటు పడితే కోయకుండా, తాడు బిగించకుండా, ఆ కాలో చెయ్యో కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ అక్కడ ఇచ్చే సూదిమందు ఒకటే. విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి దాన్ని తయారుచేస్తారు. కైరాన్ సగం గుర్రమని చదివిన మాకు ఇది భలే తమాషాగా తోచింది.