ఊపిరి సిద్ధమైనా ఎముకలకు గడువు కావాలి

సూరత్ రింగ్ రోడ్‌లో బట్టల మార్కెట్ల షట్టర్లు లేచాక నడవడమే కష్టం. కొత్తగా పరుగు మొదలుపెట్టేవారికి తెల్లవారుజామే అనువైన వేళ. తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాల పనిలో స్థిరపడిన నేత కుటుంబాలకూ అంతే. పగలంతా మగ్గం దగ్గర నిలబడే కాళ్లకు గాయమైతే పోయేది ఆ రోజు పరుగొక్కటే కాదు, కూలి కూడా.

కొత్తవారిని తొందరపెట్టేది ఊపిరే. కొన్ని వారాల సాధనతో గుండె ప్రతి స్పందనకూ ఎక్కువ రక్తం పంపుతుంది, ఆయాసం తగ్గుతుంది. ఎముకలు, వాటికి కండరాలను కలిపే టెండాన్లు గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది.

వారానికి 10 శాతమే పెంచాలన్నది పాత సలహా. 2008లో వెలువడిన డచ్ పరిశోధనలో 500 మందికి పైగా కొత్త రన్నర్లు పాల్గొన్నారు. ఆ పద్ధతి పాటించినా గాయాలు తగ్గలేదు. 5,200 మందికి పైగా రన్నర్లను పరిశీలించిన 2025 నాటి అధ్యయనం ప్రకారం, అసలు చూడాల్సింది ఒక్కో పరుగు దూరాన్ని. గత 30 రోజుల్లోని అతి పొడవైన పరుగును ఒకేసారి 10 శాతానికి మించి దాటితే గాయాల ముప్పు పెరిగింది. అంటే 5 కిలోమీటర్ల తర్వాత 5.5 చాలు; ఆదివారం హుషారులో 8 వద్దు.

మొదట్లో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక సరిపోతుంది. పక్కవారితో మాట్లాడగలిగేదే సరైన వేగం. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఆ రోజు నెమ్మదించాలి. ఎముకపై ఒకేచోట నొప్పి పట్టి ఉంటే ఆగి, వైద్యుణ్ణి కలవాలి. నెమ్మదిగా పెరిగిన దూరమే నిలుస్తుంది.