వంకరపోయే బొమ్మ, వెలిసిపోయే రంగు

ప్రొజెక్టర్ ఉన్న సెమినార్ హాల్లో అడుగుపెట్టగానే తరచూ రెండు లోపాలు కంటబడతాయి. తెర మీద బొమ్మ పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉంటుంది. తెల్లగా ఉండాల్సిన స్లయిడు లేత ఆకుపచ్చగా మెరుస్తుంటుంది. ఎవరో ఒకరు రిమోట్ అందుకుని మెనూ తెరుస్తారు. బొమ్మ తిన్ననవుతుంది గానీ అక్షరాలు మసకబారతాయి. రంగు కుదురుతుంది గానీ వెలుగు సగానికి పడిపోతుంది. నేరం యంత్రానిదని అందరూ అనుకుంటారు. నిజానికి మెనూలో ఉన్న సవరణల్లో చాలావరకు మన దగ్గర ఏదో ఒకటి తీసుకునే పనిచేస్తాయి: కొన్ని చుక్కలు తీసుకుంటాయి, కొన్ని వెలుగు తీసుకుంటాయి. ఆ లెక్క తెలిసినవాళ్లు మెనూ జోలికి చివర్లో వెళతారు.

ముందు ఆకారం సంగతి చూద్దాం. లెన్స్ నుంచి బయలుదేరిన వెలుగు దూరం పోయేకొద్దీ విచ్చుకుంటుంది. బల్ల మీద పెట్టిన ప్రొజెక్టర్ బొమ్మ తెరకు అందడం లేదని ముందు కాళ్ల కింద ఓ లావుపాటి పుస్తకం పెడతాం. అప్పుడు తెర పై అంచుకు చేరే కిరణాలు కింది అంచుకు చేరేవాటి కంటే ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి, అందుకే ఎక్కువ విచ్చుకుంటాయి. దీర్ఘచతురస్రం కాస్తా సమలంబ చతుర్భుజం అవుతుంది. గుడి ముందు నిలబడి ఫోన్ పైకెత్తి గాలిగోపురాన్ని ఫొటో తీస్తే, అది పైకి పోయేకొద్దీ సన్నబడి వెనక్కి వాలినట్టు వస్తుంది కదా, అక్కడా ఇదే జ్యామితి. కెమెరాలోకి వెలుగు వస్తుంది, ప్రొజెక్టర్ నుంచి వెలుగు పోతుంది. అందుకే వంకర తిరగబడుతుంది.

ఈ వంకర ఎంతుంటుందో లెక్కవేసి చూడవచ్చు. తెరకు 3 మీటర్ల దూరంలో, 2 మీటర్ల వెడల్పూ 1.5 మీటర్ల ఎత్తూ ఉన్న బొమ్మను సూటిగా వేసే ప్రొజెక్టర్ ఉందనుకుందాం. దాన్ని 15 డిగ్రీలు పైకి ఎత్తితే కింది అంచు సుమారు 194 సెంటీమీటర్లు, పై అంచు సుమారు 222 సెంటీమీటర్లు అవుతాయి. అంటే 28 సెంటీమీటర్ల తేడా. బొమ్మ నిలువునా కూడా సాగి 161 సెంటీమీటర్లకు చేరుతుంది. తెర మీద గుండ్రని గడియారం కోడిగుడ్డు ఆకారంలోకి మారేది ఇందుకే.

ఇప్పుడు రిమోట్ మీద ఈ వంకరను సరిచేసే కీస్టోన్ బటన్ నొక్కారనుకోండి. లోపల ఏం జరుగుతుందో తెలియాలంటే బొమ్మ పుట్టే చోటుకు వెళ్లాలి. డీఎల్‌పీ రకం ప్రొజెక్టర్లలో ఆ చోటు వేలి గోరంత చిప్. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో లారీ హార్న్‌బెక్ 1987లో దీన్ని కనిపెట్టారు. 1024×768 చిప్ మీద 7,86,432 బుల్లి అద్దాలుంటాయి, ఒక్కో అద్దం తెర మీద ఒక్కో చుక్క. ప్రతి అద్దమూ ఒకవైపు కొన్ని డిగ్రీలు వాలితే వెలుగు లెన్స్‌లోకి వెళుతుంది. రెండోవైపు వాలితే ఆ వెలుగు పెట్టె లోపలే ఉన్న నల్లటి పలక మీద పడి వేడిగా మారిపోతుంది. అద్దాలు సెకనుకు వేలసార్లు అటూ ఇటూ వాలుతూ, ఎంతసేపు ఏ వైపున ఉన్నాయన్న దాన్నిబట్టి తెలుపు నుంచి నలుపు దాకా అన్ని ఛాయలనూ పుట్టిస్తాయి.

కీస్టోన్ సవరణ ఈ చిప్ మీద తలకిందుల వంకర ఒకటి గీస్తుంది. తెర మీద పై అంచు వెడల్పుగా పడుతోంది కాబట్టి, చిప్ మీద పై వరుసను ముందే ఇరుకు చేస్తుంది. మన లెక్కలోని ప్రొజెక్టర్‌లో పై వరుసకు 1024 చుక్కలు ఉండాల్సింది, సుమారు 900 మిగులుతాయి. సాగిన ఎత్తును కుదించడానికి కొన్ని అడ్డు వరుసలు కూడా పోతాయి. మొత్తం మీద పదింట ఒక వంతుకు పైగా అద్దాలు శాశ్వతంగా నల్ల పలక వైపు వాలి పడుకుంటాయి. దీపం వెలుగు మాత్రం వాటి మీద యథాతథంగా పడుతూనే ఉంటుంది, వృథాగా. చీకటి గదిలో సవరించిన బొమ్మ చుట్టూ మసక బూడిదరంగు అంచు కనిపిస్తే, అది ఆ అద్దాల నుంచి జారి వచ్చిన కొద్దిపాటి వెలుగే.

అసలు నష్టం అక్షరాలకు. కంప్యూటర్ పంపిన 1024 చుక్కలను 900 చుక్కల్లో ఇరికించాలంటే పక్కపక్క చుక్కలను కలిపి సగటు తీయాలి. ఫొటోలో అది పెద్దగా తెలియదు. ఒక చుక్క మందం గీతతో రాసిన అక్షరంలో వెంటనే తెలుస్తుంది. మన లిపికి ఈ దెబ్బ మరీ ఎక్కువ. ద, ధల మధ్య, ప, ఫల మధ్య తేడా చిన్న గీతే. ఒత్తులు ఉన్నవే బుల్లివి. వెనక బెంచీ పిల్లవాడికి అవి అలుక్కుపోయినట్టు కనిపిస్తే తప్పు వాడి కళ్లది కాకపోవచ్చు. పైగా ప్రొజెక్టర్ వాలుగా ఉన్నప్పుడు తెర కింది భాగం ఒక దూరంలో, పై భాగం మరో దూరంలో ఉంటాయి. కింద ఫోకస్ కుదిరితే పైన చెదురుతుంది. కీస్టోన్ ఆకారాన్ని సరిచేస్తుందే తప్ప ఈ ఫోకస్ తేడాను ముట్టుకోలేదు.

సినిమా హాళ్లలో ఈ సమస్య రీళ్ల కాలం నుంచీ ఉంది. ఆపరేటర్ క్యాబిన్ బాల్కనీ వెనక ఎత్తున ఉంటుంది, తెర కింద ఉంటుంది. ఫిల్మ్‌కు ముందుండే చిన్న లోహపు పలక కిటికీ అంచులను ఆకురాయితో రాసి, ఆ హాలు కోణానికి తగ్గట్టు మలిచేవారు. తెర అంచులు తిన్నగా కనిపించేవి. లోపలి బొమ్మ వంకర అలాగే ఉండేదనుకోండి, అది ప్రేక్షకుడి కంట పడేది కాదు.

ఏదీ పోగొట్టుకోకుండా సరిచేసే ఉపాయం లెన్స్ దగ్గర ఉంది. ప్రొజెక్టర్‌ను వంచకుండా, తెరకు సమాంతరంగానే ఉంచి, లోపలి లెన్స్‌ను మాత్రం పైకో కిందకో పక్కకో జరపడాన్ని లెన్స్ షిఫ్ట్ అంటారు. చిప్, లెన్స్, తెర మూడూ సమాంతరంగానే ఉన్నాయి కాబట్టి బొమ్మ స్థానం మారుతుంది గానీ ఆకారం మారదు. ఒక్క చుక్క కూడా పోదు. ఎక్కువగా ఖరీదైన ప్రొజెక్టర్లలోనే దీన్ని మరతో జరిపే వీలుంటుంది. చవక రకాల్లో చాలావాటిలో కంపెనీయే కొంత షిఫ్ట్‌ను ముందే స్థిరంగా బిగించి ఉంచుతుంది. అందుకే వాటిని బల్ల మీద మట్టంగా పెట్టినా బొమ్మ లెన్స్ మట్టానికి పైనే పడుతుంది. అలాంటి దాని లెన్స్ ఇంచుమించు తెర కింది అంచు ఎత్తులో ఉండాలి. పైకప్పుకు వేలాడదీస్తే ప్రొజెక్టర్‌ను తలకిందులుగా బిగించి, మెనూలో సీలింగ్ అన్నది ఎంచుకోవాలి. అప్పుడు లెన్స్ తెర పై అంచు ఎత్తుకు వస్తుంది. ఖచ్చితంగా ఎన్ని అంగుళాలో ఆ మోడల్ పుస్తకంలో రాసి ఉంటుంది. మన గదుల్లో మరో చిక్కు సీలింగ్ ఫ్యాను. వెలుగు దారిలో రెక్కలు రాకూడదు. ఫ్యాను వణుకు అందే చోట బిగిస్తే బొమ్మ కూడా వణుకుతుంది.

బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి చెడకుండా ఉండాలంటే ల్యాప్‌టాప్‌లో రిజల్యూషన్‌ను ప్రొజెక్టర్ అసలు రిజల్యూషన్‌కు సరిగ్గా కలిపి పెడితే చాలు. 16:9 బొమ్మను 4:3 తెర నిండా సాగదీస్తే మనుషులు పొడుగ్గా సన్నబడతారు. పైనా కిందా నల్ల పట్టీ ఉండనివ్వడమే మేలు.

ఇక రంగు. ఇక్కడ మొదట తెలుసుకోవాల్సినది నలుపు గురించి. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. వెలుగు పడని చోటే నలుపు, కాబట్టి గదిలో దీపాలు వెలుగుతున్నప్పుడు తెర ఎంత తెల్లగా కనిపిస్తుందో అంతకన్నా నల్లటి నలుపు ఏ సెట్టింగ్‌తోనూ రాదు.

3000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ వెలుగును 3 చదరపు మీటర్ల తెర మీద పరిస్తే 1000 లక్స్ వస్తుంది. ట్యూబులైట్ల నుంచి అదే తెర మీద 300 లక్స్ పడుతోందనుకుందాం. తెలుపు 1300, నలుపు 300. రెండింటికీ తేడా నాలుగు రెట్లకు కొంచెం పైన. తెర దగ్గరి ట్యూబులైట్లు ఆర్పి, కిటికీ తెరలు వేసి ఆ 300ను 50కి తగ్గిస్తే తెలుపు 1050, నలుపు 50. తేడా 21 రెట్లు. రూపాయి ఖర్చు లేకుండా బొమ్మ దాదాపు ఐదింతలు తేరుకుంది. మెనూలోని ఏ బటనూ ఇంత చేయలేదు.

లైట్లు ఆర్పకుండా అందరూ మెనూలో వెలుగు ఎక్కువగా ఇచ్చే డైనమిక్ మోడ్‌ను ఆశ్రయిస్తారు. ఆకుపచ్చ ఛాయ పుట్టేది అక్కడే. చాలా ప్రొజెక్టర్లలో ఉండే పాదరసపు దీపం అన్ని రంగులనూ సమానంగా ఇవ్వదు. 546 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ, 578 దగ్గర పసుపు ఎగసిపడతాయి, ఎరుపు బలహీనం. నిజమైన తెలుపు కావాలంటే ఎగసిపడిన ఆకుపచ్చను కోసి, ఎరుపుతో సమానం చేయాలి. అలా కోస్తే వెలుగు తగ్గుతుంది. డైనమిక్ మోడ్ కోయకుండా వదిలేస్తుంది. పెట్టె మీద రాసే ల్యూమెన్ల అంకె సాధారణంగా ఈ స్థితిలోదే. డీఎల్‌పీ ప్రొజెక్టర్లలో గిర్రున తిరిగే రంగుల చక్రానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలంతో పాటు రంగులేని గాజు ముక్క కూడా ఉంటే, తెలుపు ఇంకా పెరుగుతుంది, రంగులు మాత్రం పెరగవు. ఆ తెలుపు పక్కన నిమ్మపండు పసుపు ఆవపిండి రంగులోకి దిగిపోతుంది.

సినిమా మోడ్ లేదా ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెడితే తెలుపు ప్రమాణంగా తీసుకునే 6500 కెల్విన్‌కు దగ్గరగా వస్తుంది. మొదట కాస్త పసుపుగా, నీరసంగా అనిపిస్తుంది. కొన్ని నిమిషాల్లో కన్ను అలవాటు పడుతుంది. వెలుగు సగానికి పడి తెర మీద 500 లక్సే మిగిలిందనుకున్నా, లైట్లు ఆర్పిన గదిలో తేడా 11 రెట్లు ఉంటుంది. లైట్లు వేసిన గదిలో డైనమిక్ మోడ్ ఇచ్చిన నాలుగు రెట్ల కంటే ఇది ఎంతో మెరుగు. రంగులూ నిజమైనవి.

బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ బటన్లను జనం కలగలిపి వాడుతుంటారు. బ్రైట్‌నెస్ నలుపు వైపు పనిచేస్తుంది, కాంట్రాస్ట్ తెలుపు వైపు పనిచేస్తుంది. నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు మెట్లుగా ఉన్న పది పన్నెండు పట్టీల బొమ్మ ఒకటి తెర మీద వేయండి. అడుగున ఉన్న రెండు నల్ల పట్టీలు అతికష్టం మీద వేరుగా కనిపించేదాకా బ్రైట్‌నెస్, చివరి రెండు తెల్ల పట్టీలు కలిసిపోకుండా ఉండేదాకా కాంట్రాస్ట్ జరపాలి. గదిలో మామూలుగా ఎన్ని లైట్లు ఉంటాయో అన్నీ ఉంచే ఈ పని చేయాలి. ఎంత జరిపినా బొమ్మ పాలిపోయినట్టో, నీడలు ముద్దగట్టినట్టో ఉంటే హెచ్‌డీఎంఐ రేంజ్ చూడండి. ల్యాప్‌టాప్ 0 నుంచి 255 దాకా అంకెలు పంపుతుంటే ప్రొజెక్టర్ 16 నుంచి 235 దాకానే చదువుతుండవచ్చు. రెండుచోట్లా ఒకే రేంజ్ ఉంచాలి.

మెనూలో గామా అన్న సెట్టింగ్ నలుపు తెలుపుల మధ్య ఛాయలకు సంబంధించింది. 2.2 దగ్గర ఉంచితే, సగం విలువ ఉన్న బూడిదరంగు పూర్తి వెలుగులో సుమారు 22 శాతమే విడుదల చేస్తుంది, మన కంటికి అది దాదాపు సగంగా తోస్తుంది. దీన్ని కదపాల్సిన అవసరం అరుదు.

తెర లేక గోడ మీద వేసేవాళ్ల కోసం గోడ రంగు అనే సెట్టింగ్ ఉంటుంది. లేత ఆకుపచ్చ గోడ ఎరుపును సరిగా తిప్పి పంపదు. ఆ లోటు పూడ్చడానికి ప్రొజెక్టర్ మిగతా రెండు రంగులనూ తగ్గిస్తుంది. మళ్లీ వెలుగే నష్టం. గోడ మీద తెరంత మేర మెరుపు లేని తెల్ల రంగు వేయిస్తే ఆ సెట్టింగ్ అవసరమే రాదు.

కాబట్టి మీ బడికో, గ్రంథాలయానికో కొత్త ప్రొజెక్టర్ వస్తే, బిగించే మనిషి డ్రిల్లింగ్ మిషను ఎత్తకముందే దగ్గర నిలబడండి. ప్రొజెక్టర్‌ను తాత్కాలికంగా పట్టుకోమని, కీస్టోన్ సున్నా దగ్గర ఉంచి, తెర నాలుగు మూలలకూ బొమ్మ అందుతోందో లేదో చూపించమని అడగండి. తెర దగ్గరి ట్యూబులైట్లకు విడిగా ఒక స్విచ్ పెట్టించండి. ఈ రెండూ ఆ రోజు కుదరకపోతే ప్రొజెక్టర్ ఉన్నన్నాళ్లూ రిమోట్‌తో తంటాలు తప్పవు.