తప్పు తల్లిది కాదు, పరీక్ష మాత్రం తప్పదు

గర్భిణికి షుగరు వచ్చిందని తేలగానే ఇంటిల్లిపాదీ ఆమె ఏం తిన్నదా అని ఆరా తీస్తారు. ఇది అన్యాయం. నెలలు నిండేకొద్దీ కండరాలు ఇన్సులిన్‌కు లొంగకపోవడం ప్రతి గర్భిణి ఒంట్లోనూ జరిగేదే. మొదటి నెలల్లో ఇన్సులిన్ బాగానే పనిచేస్తుంది. తల్లి ఒంట్లో కొవ్వు నిల్వ చేరేది అప్పుడే. అయిదో నెల వచ్చేసరికి మాయ ఊరించే ప్లాసెంటల్ లాక్టోజెన్, గ్రోత్ హార్మోన్ జోరందుకుంటాయి. ప్రొజెస్టిరాన్, కార్టిసాల్ కూడా తోడవుతాయి. చివరి నెలలకు ఇన్సులిన్ ప్రభావం సుమారు సగానికి పడిపోతుంది. తల్లి కండరాలు వాడుకోకుండా వదిలిన గ్లూకోజు బిడ్డకు అందుతుంది, తల్లి తన అవసరాలకు ఎక్కువగా కొవ్వును కరిగించుకుంటుంది. ఈ ఏర్పాటు సాగాలంటే ఆమె క్లోమం రెట్టింపు, ఒక్కోసారి అంతకు మించి ఇన్సులిన్ తయారుచేయాలి. అంత శక్తి చాలనివారికే షుగరు బయటపడుతుంది. దక్షిణాసియా స్త్రీలకు ఈ ముప్పు ఎక్కువ, సన్నగా ఉన్నవారికీ వస్తుంది.

సహజమైన మార్పే అయితే పరీక్షలెందుకని అడగవచ్చు. మార్పు సహజమే, హద్దు దాటిన గ్లూకోజు చేసే హాని వేరు. తల్లి ఇన్సులిన్ మాయ దాటి బిడ్డను చేరదు, గ్లూకోజు చేరుతుంది. అప్పుడు బిడ్డ క్లోమమే అధికంగా ఇన్సులిన్ ఊరిస్తుంది. బిడ్డ మితిమీరి లావెక్కుతుంది, కాన్పు కష్టమవుతుంది, బొడ్డుతాడు కోశాక బిడ్డ రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. తొమ్మిది దేశాల్లో 23 వేలకు పైగా గర్భిణులను పరిశీలించి 2008లో ప్రచురించిన హాపో అధ్యయనంలో, డయాబెటిస్ అనదగ్గ స్థాయికి చేరకముందే, తల్లి గ్లూకోజుతో పాటు బిడ్డ బరువూ పెరుగుతూ వచ్చింది. వైద్యం వల్ల ఫలితం ఉందా అన్న సందేహానికీ సమాధానం దొరికింది. వెయ్యిమంది స్త్రీలతో ఆస్ట్రేలియాలో ప్రధానంగా సాగి 2005లో వెలువడిన పరిశోధనలో, ఆహార నియమాలు, అవసరమైతే ఇన్సులిన్ ఇచ్చినవారి బిడ్డల్లో తీవ్రమైన చిక్కులు 4 శాతం నుంచి 1 శాతానికి తగ్గాయి. మన దేశంలో పరీక్ష కూడా తేలికే: 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి, రెండు గంటలకు రక్తం చూస్తారు. పరగడుపున రావలసిన పని లేదు. 140 గానీ, అంతకు మించి గానీ ఉంటే షుగరున్నట్టే. మొదటిసారి మామూలుగా ఉన్నా 24–28 వారాల మధ్య మళ్లీ చేయించాలి, మాయ ప్రభావం బలపడేది అప్పుడే గనుక.

కాన్పయితే అదే పోతుందిలే అనే మాటలో సగమే నిజం. మాయ బయటపడిన కొద్ది రోజుల్లోనే ఇన్సులిన్ మళ్లీ పనిచేస్తుంది. కానీ ఆ నెలల్లో బయటపడిన క్లోమం బలహీనత ఎక్కడికీ పోదు. ఇలా షుగరు వచ్చిన స్త్రీలకు తర్వాత టైప్-2 డయాబెటిస్ వచ్చే అవకాశం మిగతావారికంటే ఏడు రెట్లకు పైగానే. బిడ్డ పుట్టాక ఇంట్లో అందరి ధ్యాసా బిడ్డ మీదికి మళ్లుతుంది, తల్లి రక్తపరీక్ష ఎవరికీ గుర్తుండదు. బిడ్డకు ఆరు వారాల టీకాలు వేయించడానికి వెళ్లిన రోజునే తల్లికీ షుగరు పరీక్ష చేయించండి. ఆ తర్వాత ఏటా చేయించండి.