చిన్న ప్రాణులకు చాలినంత చోటు

గృహ దర్శనాలకు వెళ్లినప్పుడు కొన్ని ఇండ్ల వసారాలలో గినీ పందులు మాకు కనబడుతున్నాయి. పట్నంలో పెంపుడు జంతువుల దుకాణం ముందు పిల్లలు మారాము చేసి కొనిపించుకున్నవే అవి. పేరులో పంది ఉన్నా ఇది పంది జాతి కాదు. ఎలుక, ఉడుతల వలె ముందు పళ్లతో కొరికే జంతువు. తోక ఉండదు, కాళ్లు పొట్టి, పెద్దదైతే ఒక కిలో వరకు తూగుతుంది. కరిచే స్వభావము తక్కువ గనుక పిల్లలు ఇష్టపడతారు.

అయితే దుకాణంలో దానితోపాటు ఇచ్చేది చాలాసార్లు పిట్టల పంజరమే. ఎత్తుగా, ఇరుకుగా, అడుగున తీగలతో ఉంటుంది. దానిని దూలానికి వ్రేలాడదీస్తారు. కొన్ని నెలలకు ఆ ప్రాణి తినడం మానేసి ఒక మూల ముడుచుకొని చనిపోతుంది. పిల్లలు ఏడుస్తారు, పెద్దలు “దాని ఆయుష్షు అంతే” అని సర్దిచెబుతారు. కాని దాని ఆయుష్షు అంతే కాదు. సరిగా చూచుకుంటే గినీ పంది 5 నుండి 8 సంవత్సరాలు బ్రతుకుతుంది. రెండవ తరగతిలో దానిని తెచ్చుకున్న బిడ్డ ఏడవ తరగతికి వచ్చేవరకైనా అది ఆ ఇంట ఉండవలసినది.

ఎత్తు అక్కరలేదు, నేల కావాలి

గినీ పంది పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతము. పెరూ, బొలీవియా, ఈక్వెడార్ దేశాల ప్రజలు వేల సంవత్సరాలుగా దీనిని పెంచుతున్నారు. అక్కడ ఇది ఆహారము. పెరూలోని కుస్కో పట్టణపు ప్రధాన దేవాలయంలో 1753 ప్రాంతంలో మార్కోస్ సపాటా అనే చిత్రకారుడు గీసిన ప్రభురాత్రి భోజన చిత్రమున్నది. అందులో బల్లమీద యేసుప్రభువు ఎదుట పళ్లెంలో కనబడేది వేయించిన గినీ పందియే అని అక్కడివారు చెబుతారు. పదహారవ శతాబ్దంలో స్పెయిన్ వారు వచ్చిన తరువాత ఇది ఐరోపాకు చేరి, అక్కడ పిల్లల పెంపుడు ప్రాణి అయింది.

మనము గమనించవలసినది ఏమంటే, తినడానికి పెంచే ఆ ఆండీస్ పల్లెలలో సైతం వీటిని పంజరంలో వ్రేలాడదీయలేదు. వంటింటి నేలమీదనే అవి గుంపుగా తిరుగుతూ, వేసిన గడ్డి తింటూ పెరిగాయి. గినీ పంది ఎక్కే జంతువు కాదు, దూకే జంతువు కాదు. నేలమీద పరుగెత్తే జంతువు. నాలుగు అడుగుల ఎత్తున్న పంజరమైనా, అడుగు అడుగున్నర చదరమే నేల ఉంటే, దానికి ఆ అడుగున్నరే ఇల్లు. పై చోటంతా వృథా.

అమెరికాలోని జంతు సంక్షేమ సంఘాలు రెండు గినీ పందులకు కనీసం ఏడున్నర చదరపు అడుగుల నేల ఉండాలని, పదిన్నర ఉంటే మేలని చెబుతున్నాయి. అక్కడ చాలామంది అలమరలకు వాడే చదరపు తీగ పలకలను ఒకదానికొకటి కట్టి, అడుగున బోర్డులకు వాడే ప్లాస్టిక్ అట్ట పరచి, విశాలమైన గూళ్లు ఇంట్లోనే చేసుకుంటున్నారు. ఆ సరుకులు మన ఊళ్లలో దొరకకపోవచ్చు. వడ్రంగి దగ్గర మిగిలిన చెక్కలతో అంతకన్నా గట్టి గూడు మనము చేసుకోవచ్చు.

గూడు కట్టే విధము

పొడవు ఐదు అడుగులు, వెడల్పు రెండున్నర అడుగులు పెట్టుకోండి. పన్నెండున్నర చదరపు అడుగుల నేల వస్తుంది. ఒక చిన్న మంచము కన్న తక్కువ చోటే ఇది. ఎత్తు పదహారు అంగుళాలు చాలు. చుట్టూ అడుగున ఆరు అంగుళాల పలక, దానిపైన పది అంగుళాల జల్లెడ తీగ వేయండి. పలక ఉంటే గాలి సూటిగా తగలదు, గడ్డి బయటకు రాలదు.

తీగ విషయంలో పొదుపు చేయవద్దు. కోళ్లకు వాడే సన్నని వలను పందికొక్కు కొరుకుతుంది, దాని కంతలలో పాము దూరుతుంది. అర అంగుళము కన్నులున్న వెల్డింగు తీగ తీసుకోండి. తీగ కొసలను బయటివైపు మడిచి మేకులు కొట్టండి. పైన అదే తీగతో మూత చేసి, బందులు, గడియ పెట్టండి. గినీ పంది పైకి ఎగరదు గదా అని మూత మానేస్తే ఆ రాత్రే పిల్లి వస్తుంది.

అడుగు మాత్రము తీగతో చేయరాదు. దాని అరికాళ్లు మెత్తనివి. తీగమీద నిలబడితే పుండ్లు పడి, చీము పట్టి, నడవలేకపోతుంది. సందు లేకుండా పలకలు పరచి, వాటిమీద పాత ఫ్లెక్సీ బానరు ముక్క వేయండి. ఎన్నికలు, పెండ్లిండ్లు అయిన తరువాత ఇవి ఊరినిండా దొరుకుతాయి. అంచులను పలకల వెలుపలికి తెచ్చి బయటనుండి మేకులు కొడితే అది కొరకడానికి అందదు, మూత్రము చెక్కలోకి ఇంకదు.

తలుపు ముందువైపున కూడ ఒకటి ఉండాలి. అడవిలో దీనిమీద గద్దలు పైనుండి పడతాయి. కాబట్టి పైనుండి చేయి వస్తే హడలిపోతుంది. ఎదుటినుండి మెల్లగా చేయి చాపితే కొద్దిరోజులలో మచ్చిక అవుతుంది.

గూటికి అడుగున్నర ఎత్తు కాళ్లు పెట్టి, వాటి క్రింద నీళ్ల చిప్పలు ఉంచండి. మన అమ్మమ్మలు చీమలు పట్టకుండా పాల బీరువాకు చేసిన ఉపాయమే ఇది.

లోపల ఏమేమి ఉండాలి

పాత నూలు చీరలు, లుంగీలు మడతలు పెట్టి కాగితాల మీద పరచండి. లేదా దుమ్ము లేని ఎండుగడ్డి వేయండి. రంపపు పొట్టు, వరి ఊక వద్దు. ఆ దుమ్ము ముక్కులోకి పోయి జబ్బు చేస్తుంది. తడిసినవి ప్రతిదినము తీసివేసి, వారానికి ఒకసారి గూడంతా కడిగి ఎండలో ఆరబెట్టాలి.

ఒక్కొక్క దానికి దాగుకొనే చోటు ఒకటి కావాలి. మూతి వెడల్పైన మట్టికుండను ప్రక్కకు పడుకోబెట్టండి. చల్లగా ఉంటుంది, కొరికినా హాని లేదు. నీళ్లకు బరువైన మట్టి మూకుడు పెట్టండి. తొక్కుడు చక్రాలు, నిటారు మెట్లు పెట్టవద్దు. వాటి వలన నడుము, కాళ్లు దెబ్బతింటాయి.

గోడకు ఒక గడ్డి తొట్టి బిగించండి. దాని పళ్లు జీవితమంతా పెరుగుతూనే ఉంటాయి. ఎప్పుడూ గడ్డి నములుతుంటేనే అరుగుతాయి. నూకలు, తవుడు మాత్రమే పెట్టే ఇండ్లలో మరొక ప్రమాదమున్నది. మనుష్యుల వలెనే గినీ పంది తన శరీరంలో సి విటమిను తయారు చేసుకోలేదు. 1907లో నార్వే దేశానికి చెందిన హోల్స్ట్, ఫ్రోలిక్ అనే శాస్త్రజ్ఞులు వీటికి ధాన్యము మాత్రమే పెట్టి చూడగా, నావికులను చంపే స్కర్వీ వ్యాధి వీటికీ వచ్చింది. కాబట్టి పచ్చగడ్డితో పాటు దినమూ ఒక చిన్న జామ ముక్క, కాస్త కొత్తిమీర ఇవ్వండి. పురుగుమందు కొట్టిన గట్లమీద గడ్డి కోయవద్దు.

వేసవి జాగ్రత్త

ఇది చల్లని కొండల జంతువు. ముప్పై డిగ్రీలు దాటితేనే దానికి కష్టము. మన మే నెలలో నలభై దాటుతుంది. రేకుల క్రింద, మేడమీద గూడు ఉంచితే ఒక్క మధ్యాహ్నములోనే వడదెబ్బ తగిలి చనిపోతుంది. ఇంటిలో చల్లని గదిలో ఉంచండి. కిటికీకి తడి గోనెపట్టా కట్టండి. గూటిలో ఒక నాపరాయి ముక్క వేస్తే దానిమీద పడుకొంటుంది. పక్కకు ఒరిగి రొప్పుతుంటే చల్లని తడి గుడ్డతో తుడుస్తూ పశువుల డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్లండి. ఒక దినమంతా మేత ముట్టకపోయినా ఆలస్యము చేయవద్దు. ఇంట్లో ఉన్న మందులు మీరే వేయవద్దు. మనకు మేలుచేసే పెన్సిలిను దానికి ప్రాణాంతకము.

ఒంటరిగా వద్దు, గుంపుగా వద్దు

ఇవి తోడు లేకుండా ఉండలేవు. రెండు ఆడవాటిని కలిపి పెంచడము సులభము. కలిసి పెరిగిన రెండు మగవాటినైనా ఉంచవచ్చు. కుందేలును తోడుగా పెట్టవద్దు, దాని తన్నుకు ఇది గాయపడుతుంది. ఆడ, మగ కలిసి ఉంటే రెండు నెలలు దాటేసరికి పిల్లలు పుడతాయి. కళ్లు తెరిచి, బొచ్చుతోనే పుట్టి, కొద్ది గంటలలో పరుగెత్తుతాయి. ఈనిన దినమే తల్లి మరల చూలు కట్టగలదు. ఎంత విశాలంగా కట్టిన గూడైనా ఏడాది తిరగకుండానే ఇరుకైపోతుంది. దుకాణంలో ఆడమగలను పొరపాటుగా చెప్పడము మామూలే గనుక డాక్టరుకు చూపించి తెలుసుకోండి.

గూడు పూర్తయి, వాటిని అందులో విడిచిన కొద్దిరోజులకు మీ బిడ్డలను ప్రక్కన కూర్చోబెట్టి చూడమనండి. చోటు చాలితే అవి ఆ మూలనుండి ఈ మూలకు పరుగెత్తుతాయి. సంతోషము పట్టలేక పేలాలు పేలినట్లు ఉన్నచోటనే ఎగిరిపడతాయి. పిట్టల పంజరంలో ఈ ఆట ఎన్నడూ కనబడదు.

ఐదు అడుగుల చోటు, దినానికి అరగంట పని, వేసవిలో చల్లని గది. ఈ మూడు ఇవ్వలేని ఇంటివారు గినీ పందిని తేకపోవడమే దయ. బిడ్డ ఏడ్చినా ఆ మాట నెమ్మదిగా చెప్పండి. ఇవ్వగలవారు మాత్రము ముందు గూడు కట్టి, ఆ తరువాతనే దుకాణానికి వెళ్లండి. మేకులు అందించే పని, గడ్డి కోసే పని బిడ్డలకు అప్పగించండి. ఇప్పటికే తెచ్చి పంజరంలో వ్రేలాడదీసినవారు ఈ శనివారమే వడ్రంగిని పిలవండి.