ఒక్క మెతుకు చాలునా?

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడనక్కరలేదు, ఒక్క మెతుకు చాలునని పెద్దలందురు. గణాంకశాస్త్రమునకు మూలమైన తలంపు ఈ మాటయందే కలదు. అయితే అది యెంతవరకు నిజమో బాలబాలికలకు తెలుపుటకై మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మన నగరమునకు పడమట, 1998లో సైబర్ టవర్సు వెలసినది మొదలు, హైటెక్ సిటీ ప్రాంతము కార్యాలయములతో నిండినది. రాయదుర్గము మెట్రో స్టేషనులో దిగి పనికి నడచువారికి సగటున నెన్ని నిమిషములు పట్టునో తెలియవలె ననుకొందము. అందరిని అడుగుట దుస్సాధ్యము. మచ్చునకు ఐదుగురిని అడుగగా వారు 8, 10, 12, 14, 16 నిమిషములని చెప్పినట్లు ఊహింతము. మొత్తము 60, సగటు 12. ఈ మచ్చు సగటే సమూహపు సగటునకు మన అంచనా.

సగటు మాత్రమే చాలదు. అందరికి 12 నిమిషములే పట్టినను సగటు 12యే గదా! కావున ఒక్కొక్కరు సగటునుండి యెంత దూరమున నున్నారో చూడవలెను. ఆ తేడాల వర్గములు 16, 4, 0, 4, 16, మొత్తము 40. దీనిని 5చే గాక 4చే భాగింపగా 10 వచ్చును. దాని వర్గమూలము, అనగా సుమారు 3.16 నిమిషములు, సమూహపు క్రమవిచలనమునకు అంచనా.

ఐదుగురుండగా నాలుగుచే భాగించుట యేల? తేడాలను నిజమైన సగటునుండి గాక మచ్చు సగటునుండి కొలిచితిమి. ఏ మచ్చునకైనను తన సగటే మిక్కిలి దగ్గర. అందుచే వర్గముల మొత్తము తక్కువగా వచ్చును. నిజమైన సగటు 13 అయినచో ఆ మొత్తము 45 అయియుండును. ఈ కొరతను తీర్చుటకే ఒకటి తగ్గింతురు. ఒక్కరినే అడిగినచో భాగించుటకు సున్న మిగులును. ఒక్క మెతుకు కుండలోని హెచ్చుతగ్గులను చెప్పజాలదన్నమాట.

ఇక మన సగటు ఎంత నమ్మదగినది? 3.16ను 5 యొక్క వర్గమూలముచే భాగింపగా సుమారు 1.41 నిమిషములు. ఇది సగటునకు ప్రామాణిక దోషము. దీనిని సగము చేయగోరినచో పదిమందిని గాదు, సుమారు ఇరువదిమందిని అడుగవలెను.

పక్షపాతములేని అంచనా యెంత నిశితమైనను దాటలేని హద్దొకటి కలదని 1945లో చూపినవారు, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు (1920–2023). అది క్రామర్-రావు హద్దని లోకప్రసిద్ధము. గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణమున వారి పేరిట పరిశోధనాసంస్థ కలదు.

కలియబెట్టని కుండలో పైమెతుకు అడుగుసంగతి చెప్పదు. ఒకే కార్యాలయపు వాకిట వేయిమందిని అడిగినను అట్లే. ఒక్క పరీక్షలోని మార్కులును ఒక్క మెతుకే. తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును బాలుని శక్తిని నిర్ణయించునపుడు దీనిని మరువకుందురుగాక యని కోరుచున్నాము.