చిన్న రైలు చెప్పే పాఠం

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, చిలొక్విన్ ఊరి దగ్గర అడవిలో 'ట్రెయిన్ మౌంటెన్' అనే చిన్న రైళ్ల మార్గం ఉంది. మైళ్ల కొద్దీ పట్టాలు! 2004లో గిన్నిస్ రికార్డుకెక్కింది. రైళ్లంటే సరదా ఉన్నవాళ్లు సొంత ఇంజన్లు తెచ్చుకుని నడుపుతారు.

పట్టాల మధ్య దూరం 7½ అంగుళాలే. పెద్దవాళ్ల జానెడు కూడా లేదు. మన బ్రాడ్‌గేజిలో దాదాపు తొమ్మిదో వంతు. ఎక్కేవాళ్లు పెట్టె లోపల కాదు, పెట్టె మీద కూర్చుంటారు. బరువంతా పైన ఉంటుంది. ఒక పక్కకు బాగా వాలితే గురుత్వ కేంద్రం పట్టా దాటుతుంది, పెట్టె బోల్తా పడుతుంది. అందుకే నిటారుగా కూర్చోవాలి, కాళ్లు చేతులు బయట పెట్టకూడదు.

పిల్లలూ, స్కూలు ఆటోలో పక్కకు వేలాడేటప్పుడు ఇదే లెక్క గుర్తుంచుకోండి. తల్లిదండ్రులారా, కిక్కిరిసిన ఆటోలో మీ పిల్లల్ని ఎక్కించకండి.