కుందేలు మేత మానితే



పిల్లలు మారాం చేశారు కదా అని కుందేలుపిల్లను కొని తెచ్చిన తల్లులం మనలో చాలామందిమే ఉన్నాం. కుక్కలా మొరగదు, పిల్లిలా పాలగిన్నె మీదికి పోదు, మేడ మీద రెండు గదుల వాటాలో కూడా సర్దుకుపోతుంది. ఇదంతా నిజమే. కాని ఆ నోరు లేకపోవడమే దాని ప్రాణం మీదికి తెస్తుంది సుమండీ. కుక్కకు నొప్పి చేస్తే కుయ్యో మొర్రో అంటుంది. కుందేలు మూలకు పోయి ముడుచుకు కూర్చుంటుంది, అంతే. అడవిలో నలతగా కనిపించిన జంతువునే నక్క ముందు పట్టుకుంటుంది గనక, నొప్పిని దాచుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన అలవాటు.

మా ఇంటి సంగతే చెబుతాను. ఉక్కునగరం క్వార్టర్సులో ఉండగా మేం పెంచిన మొదటి కుందేలు పేరు మల్లి. ఒక మే నెలలో పొద్దున్న వేసిన గడ్డి వేసినట్టే ఉంది. ఈ ఎండలకు మనకే అన్నం సయించడం లేదు, దానికేం సయిస్తుందిలే అనుకున్నాను. మధ్యాహ్నం కారెట్టు ముక్క పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. పక్కింటి పిన్నిగారు కూడా "రేపటికి అదే తింటుందిలే అమ్మా" అన్నారు. మర్నాడు సాయంత్రానికి మల్లి లేదు. మా చిన్నవాడు ఆ ఖాళీ బుట్ట దగ్గరనుంచి రెండు రోజులు కదల్లేదు. అది అలక కాదనీ, పేగు ఆగిపోవడమనీ పశువుల డాక్టరుగారు చెప్పాక గాని నాకు తెలియలేదు.

ఆ పేగు సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. కుందేలు ఆవులాగా నెమరు వేయదు. అయినా బతికేది గడ్డి మీదే. చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట దానికి ఒక పెద్ద సంచీ ఉంటుంది. అందులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు చేరి, మనం ఇడ్లీపిండి పులియబెట్టినట్టు, మేతను పులియబెడతాయి. అలా పులిసింది మెత్తటి ముద్దలుగా బయటికి వస్తుంది. కుందేలు వాటిని నేలమీద పడనివ్వకుండా నోటితో అందుకుని మళ్ళీ తింటుంది. చూసి ఏవగించుకుని అదిలించకండి. బి విటమిన్లూ, కొంత మాంసకృత్తులూ దానికి దక్కేది ఆ ముద్దల్లోంచే. 1882లోనే మోరో అనే ఫ్రెంచి పశువైద్యుడు ఈ విషయం రాశాడు. ఆవు నెమరు వేస్తుంటే ముచ్చటగా చూస్తాం కదా, ఇదీ ఒక తీరు నెమరే అనుకోండి.

ఈ మర ఆడాలంటే పీచు ఎప్పుడూ లోపలికి పోతూనే ఉండాలి. పీచు తగ్గితే పేగు మందగిస్తుంది, కడుపు ఉబ్బుతుంది, నొప్పికి తిండి మానేస్తుంది. తిండి మానేసరికి పేగు బొత్తిగా నిలిచిపోతుంది. పోనీ కక్కుకుందామన్నా కుందేలుకు వాంతి కాదు. అందుకని 12 గంటలపాటు మేత ముట్టకపోతే రేపు చూద్దాం అనడానికి లేదు, ఆ పూటే వైద్యానికి తీసుకుపోవాలి. ఇంత కంటే ముందే కనిపెట్టే మార్గం మన చీపురు కట్టలో ఉంది. పొద్దున్నే ఊడ్చేటప్పుడు పెంటికలు చూడండి. మామూలుగా శనగగింజల్లా గుండ్రంగా, పొడిగా, బోలెడు ఉంటాయి. అవి మిరియాలంత అయిపోయినా, లెక్క తగ్గినా పేగు మందగిస్తోందన్నమాట.

ఇంక మేత. గరికను మించింది లేదు. వినాయక చవితినాడు పూజకు ఏరి తెచ్చే ఆ గరికే. పచ్చిది పెట్టండి, మిగిలింది నీడలో ఆరబెట్టి వానాకాలానికి దాచండి. రోడ్డు పక్కదీ, మందు చల్లినదీ వద్దు. కొత్తిమీర, ముల్లంగి ఆకు రోజుకో గుప్పెడు పెట్టవచ్చు. కారెట్టు దాని అసలు తిండి అని బొమ్మల సినిమాలు చూసి మనం నమ్మేశాం. అందులో తీపి ఎక్కువ, అది పండగనాటి మిఠాయిలాంటిదే. బిస్కట్టు, రొట్టె, అన్నం మెతుకులు పిల్లలు జాలికొద్దీ పెడుతుంటారు, అక్కడే పేగు చెడుతుంది. పళ్ళు కూడా చెడతాయి. కుందేలు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. మన పెరళ్ళలో కంచెకు వేసే గన్నేరు మాత్రం విషం. దాని ఆకు ఒక్కటి కూడా అందకూడదు.

ఇప్పుడు చెప్పేది తప్పకుండా గుర్తుపెట్టుకోండి. పిల్లల జ్వరానికి తెచ్చి మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్పు కుందేలుకు పట్టవద్దు. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా పోతే, పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, చెడ్డవి పేట్రేగి విషం పుట్టిస్తాయి. పసిపిల్లలకు మేలు చేసిన మందే దాన్ని చంపుతుంది.

మన ఊరి ఉక్క గురించి వేరే చెప్పాలా! కుందేలుకు మనలా చెమట పట్టదు. పొడుగాటి చెవుల్లోని రక్తనాళాల గుండా వేడిని బయటికి పంపుకుంటుంది. గాలి 30 డిగ్రీలు దాటిందంటే ఆ ఏర్పాటు చాలదు. విశాఖపట్నంలో మే నెల అంతకు మించే ఉంటుంది కదా. ఎండ తగిలే బాల్కనీలో పంజరం పెట్టడమంటే కుంపటి మీద పెట్టడమే. తడిగుడ్డతో తుడిచిన నాపరాయి పలక వేస్తే దానిమీదే పడుకుంటుంది. చెవులను చల్లనీళ్ళ గుడ్డతో అద్దండి గాని, చెంబెడు నీళ్ళు నెత్తిన గుమ్మరించకండి, ఆ అదురుకే పోవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్యానూ లేదు, ఫ్రిజ్జులో ఐసూ లేదు. అప్పటికి మా ఇంట్లో రెండో కుందేలు ఉంది. ఈ నాపరాయీ తడిగుడ్డా దాన్ని కాపాడాయి.

పోర్టుకు దగ్గర్లో పాతఊళ్ళో ఉండే అక్కచెల్లెళ్ళకు ఇంకొక జాగ్రత్త. కిటికీ గట్టు మీద వేలితో గీస్తే నల్లటి చార పడుతుందని మీకు తెలుసు. కుందేలు నోటితో గాలి పీల్చలేదు, ముక్కుతోనే పీల్చాలి. దుమ్ముకు తోడు, రోజూ కడగని పంజరంలోని ఉచ్చ ఘాటు చేరితే తుమ్ములు, చీమిడి పట్టుకుంటాయి. మంచం కింద కాకుండా, గాలి ఆడే లోపలి గదిలో చోటివ్వండి.

అసలు పంజరమే అక్కరలేదనే వాళ్ళున్నారు. అమెరికాలో మారినెల్ హారిమన్ అనే ఆవిడ కుందేలును ఇంట్లో మనిషిలా తిరగనిచ్చి పెంచడం గురించి 1985లో పుస్తకం రాసింది. 1988లో కాలిఫోర్నియాలో హౌస్ రాబిట్ సొసైటీ వెలిసింది. ఒక మూల బేసిన్లో గడ్డి పరిస్తే ఉచ్చకు అక్కడికే పోవడం అది నేర్చుకుంటుంది, మా ఇంట్లో పదిహేను రోజులు పట్టింది. కరెంటు తీగలు మాత్రం పైకి కట్టేయాలి, తీగ కనిపిస్తే కొరక్కుండా ఉండదు. చెవులు పట్టుకుని ఎత్తే పిల్లలను కోప్పడండి. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద పెట్టి ఎత్తాలి. గాల్లో వేలాడుతూ గట్టిగా తన్నుకుంటే దాని వెన్నెముకే విరుగుతుంది. జత తెచ్చేవారు ఆడా మగా చూసి తెచ్చుకోండి. నాలుగైదు నెలలకే ఈడుకొస్తాయి, 31 రోజులకు ఈనుతాయి, ఈనిన రోజే మళ్ళీ చూలు కట్టగలవు. తోటల్లో దొరికే అడవికుందేలు పిల్లను మాత్రం ఇంటికి తేకండి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

డాక్టరుగారి దగ్గరికి బయలుదేరేటప్పుడు మూత ఉన్న బుట్టలో దాని పాతగుడ్డా, గుప్పెడు గరికా వేయండి. ఆఖరిసారి ఎన్నింటికి తిన్నదీ, పెంటికలు ఎప్పుడు వేసిందీ ఒక చీటీ మీద రాసుకు వెళ్ళండి, ఆయన మొదట అడిగేవి అవే. ఆపరేషను అన్నారని ముందురోజు పస్తు పెట్టకండి, ఆ పద్ధతి మనుషులకు గాని కుందేలుకు కాదు.